రెండు పలకల నీళ్లు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు టర్బైను ఆగిపోయింది. తిరగడం మొదలై అప్పటికి పది నిమిషాలు. ముందురోజు సద్దుల బతుకమ్మ.

కాజీపేటకు పదకొండు కిలోమీటర్ల అవతల పెద్ద కాలువ ఒకచోట ఐదు మీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడు పక్కన చిన్న కరెంటు కేంద్రం ఉంది. ఒకటే యంత్రం. దాన్ని నడిపే ఆపరేటర్ నవనీత, కొత్తవాడలో జంపఖానాలు నేసే పర్శరాములు కూతురు. వయసు ఇరవై తొమ్మిది. ఆమె చూస్తుండగానే ప్యానెల్ మీది అంకె ఐదు వందల తొంభై కిలోవాట్ల నుంచి ఐదు వందల ఇరవైకి జారింది. అక్కడి నుంచి నాలుగు వందల పదికి జారి, సున్నాకు వచ్చింది.

యంత్రం చప్పుడు పోయాక కాలువ వినిపించింది. దాని అడుగున చప్పట్లు కూడా వినిపించాయి. ముందురోజు సాయంత్రం వంతెన దగ్గర రెండు గంటలు ఆడిన ఆట ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు.

వెనక నిలబడిన భానుచందర్ గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాడు. హైదరాబాద్‌లోని కంపెనీ పంపిన ఇంజనీరు ఆయన.

"ఆరు పది," అన్నాడు. "మళ్లీ సున్నా నుంచి."

షరతు ఒకటే. యంత్రం ఎనిమిది గంటలు ఆగకుండా తిరగాలి, ఐదు వందల కిలోవాట్లకు తగ్గకూడదు. మూడు నెలల కింద బేరింగ్ పోయి యంత్రం మూలపడింది. నవనీత, ఫిట్టర్ హరీష్ కలిసి దాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించారు. బాగైనట్టు రుజువైతే కేంద్రం ఉంటుంది. కాకపోతే యంత్రం బోల్టులు విప్పి అమ్మేస్తారు, కేంద్రానికి తాళం పడుతుంది. కంపెనీ నిర్ణయం దసరా మరునాడు. కాలువ నీళ్లు ఈ సాయంత్రం ఆరింటికి కట్టేస్తే మళ్లీ వదిలేది ఎనిమిది రోజులకు. అంటే పరీక్షకు మిగిలింది ఈ ఒక్క రోజే. పదింటిలోపు యంత్రం తిరగకపోతే ఎనిమిది గంటలు నిండవు.

నవనీత బయటికి నడిచింది.

నీళ్లు టర్బైనులోకి పోయే ముందు ఒక ఇనుప జాలి దాటాలి. చెత్త, కొమ్మలు లోపలికి పోకుండా నిలువుగా ఊచలు పాతిన జాలి అది. ఆరు మీటర్ల వెడల్పు. దాని మీది నడకబల్ల మీద కొమురెల్లి గొంతుక్కూర్చుని నీళ్లలోకి చూస్తున్నాడు. ఆయనకు అరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు ఈ కాలువ మీదే లష్కర్‌గా గేట్లు ఎత్తి దించాడు, రిటైరయ్యాక కేంద్రంలో జాలి దగ్గర పనికి కుదిరాడు.

మంచు నీళ్ల మీద నుంచి లేస్తోంది. మంచు కింద నీళ్లు కనిపించలేదు, పసుపు కనిపించింది. జాలి దగ్గర నుంచి నలభై మీటర్ల దాకా తంగేడు పూలు పరుచుకుని ఉన్నాయి. మధ్యమధ్య గునుగు, బంతి. గుమ్మడాకులు. ఊచలకు అతుక్కున్నవి నీళ్లలోపలికి ఎంత లోతు ఉన్నాయో పైకి తెలియలేదు. పూలు కదలడం లేదు. ఒకదాని మీద ఒకటి తలపెట్టుకుని నిద్రపోతున్నట్టున్నాయి.

"మూడూళ్ల బతుకమ్మలు," అన్నాడు కొమురెల్లి. "ఎన్నడు రాలే గిన్ని."

ఎందుకు వచ్చాయో నవనీతకు తెలుసు. పైన నాలుగు కిలోమీటర్ల దూరంలో వంతెన ఉంది. ఏటా ఎవరి ఊరి చెరువుకు వాళ్లు పోయేవారు. ఈసారి వంతెన దగ్గర మెట్లకు లైట్లు పెట్టిస్తే అందరూ ఒకచోట ఆడుకోవచ్చని కేంద్రంలోని పాత లైట్లు పంపించింది ఆమే. ముందురోజు సాయంత్రం ఐదింటికి జాలి చూసి, శుభ్రంగా ఉందని రిజిస్టరులో రాసి, వంతెనకు పోయింది. తల్లి సరోజన కొత్తవాడ నుంచి బతుకమ్మను ఆటోలో తెచ్చింది. ఆడారు, పాడారు, పోయిరమ్మని నీళ్లలో వదిలారు. లైట్ల వెలుగు దాటేదాకా ఆ పూలను చూస్తూ నిలబడింది నవనీత. అవి పోయేది తన యంత్రానికేనన్న సంగతి ఆ నిమిషాన ఆమెకు తట్టలేదు. యంత్రం ఆగి ఉన్నంతసేపూ పూలు జాలి ముందు ఊరికే తేలాయి. తిప్పగానే నీళ్ల గుంజుడుకు వచ్చి ఊచలకు అతుక్కున్నాయి.

ఆరు నలభైకి కొమురెల్లి ఫోను మోగింది. రెండు కిలోమీటర్ల దిగువన వరి వేసిన ఆయన అక్క పూలమ్మ.

"ఏమైందిరా? మడిలకు నీళ్లు సన్నగైనయ్."

"పూలు అడ్డంపడ్డయక్కా. హరీషు పక్క గేటు లేపిండు. వస్తానయ్, జర ఆగు."

"రానీ. వచ్చినా నీ మిషను కరెంటు గుంజుకున్న నీళ్లే కదా. సత్తువేముంటది గండ్ల."

కొమురెల్లి ఫోను నవనీత చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు బిడ్డా. పదేండ్ల సంది చెప్తాన్న, ఇంటలేదు."

"అత్తా, నీళ్లు మీది నుంచి కిందికి పడే బరువు ఒక్కటే మేం తీసుకునేది," అంది నవనీత. "నెత్తి మీది గంప దించినట్టు. గంప దించితే మనిషికి సత్తువ పోతదా?"

"పోదు. సుఖమైతది. అంటే నీళ్లకు సుఖం జేస్తానంటవ్."

"గట్లనే అనుకో."

"మరి ఆ సుఖం నా వరికేం అక్కెరకొస్తదే," అని పూలమ్మ ఫోను పెట్టేసింది.

భానుచందర్ జాలి దగ్గరికి వచ్చాడు. గోడకు ఆనించిన ఇనుప దంతెలు చూపించాడు. "వీటితో లాగి గట్టు మీద పోయించండి. ఎంతసేపు?"

"మనుషులుంటే మూడు గంటలు," అంది నవనీత. "పండుగ, ఎవరు రారు. ముగ్గురమే ఉన్నం."

"ఇద్దరు," అన్నాడు కొమురెల్లి. "నేను దంతె పట్ట."

"ఎందుకు?"

"సారూ, నిన్న పొద్దుమీకి మా ఇంటామె పోయిరా తల్లీ అని నీళ్లల్ల ఇడిసింది. ఆడిబిడ్డను సాగనంపి, మూలమలుపు కాడ జుట్టు వట్టి ఎనుకకు గుంజి పెంట మీద పారేస్తమా?"

"కట్టెలు, చెత్త రోజూ తీస్తారు కదా."

"కట్టెలకు పాట పాడలే."

భానుచందర్ గడియారం చూసుకున్నాడు.

నవనీత దంతె తీసుకుంది. నడకబల్ల మీద నిలబడి ఊచల మధ్యలోకి దించి పైకి లాగింది. నీళ్లు కారుతూ ఒక ముద్ద వచ్చింది. తంగేడు రెబ్బలు, గుమ్మడాకు, గునుగు కట్టలు. ఒక గునుగు కట్టకు ఎర్ర నూలు, ఆకుపచ్చ నూలు కలిపి చుట్టి ఉంది. కొత్తవాడలో వాళ్లింట్లో గునుగును దారంతో కట్టరు. మగ్గం మీద జంపఖానా కోశాక మిగిలే పోగుముక్కలతో కడతారు. ముందురోజు మధ్యాహ్నం ఆ ముడి వేసింది ఆమే.

దంతె పక్కన పెట్టింది. కట్టను రెండు చేతులతో నీళ్లలో వదిలింది.

అది మునగలేదు. యంత్రం ఆగడంతో జాలి దగ్గర గుంజుడు లేదు. కట్ట కాసేపు ఉన్నచోటే తిరిగింది. తర్వాత, యంత్రం ఆగినప్పుడు నీళ్లను కిందికి వదిలే పక్క గేటు వైపు ఒక బార దూరం పోయి, గేటు ఇనుప రేకుకు తగిలి ఆగిపోయింది. గేటు కింది నుంచి నీళ్లు ఉరుకుతున్నాయి. పైన కట్ట అలాగే ఊగుతూ ఉంది. నవనీత దాన్నే చూస్తూ నిలబడింది. ఎంతసేపు చూసిందో ఆమెకు తెలియదు. రెండు నిమిషాలని తర్వాత హరీష్ చెప్పాడు.

"పెద్దబాపూ, ఈ గేటు పెట్టకముందు పూలు ఎట్ల పోయేటియి?"

"మీదికెంచి," అన్నాడు కొమురెల్లి. "గేటు కింద తెరుసుకుంటది. అప్పుడు అడ్డపలకలుండె. ఎన్ని నీళ్లు కావాల్నంటే అన్ని పలకలు మీదికెంచి తీసేటోళ్లం. ఏదొచ్చినా పలక మీదికెంచి ఎక్కి దిగిపోయేది."

"ఆ పలకలు?"

"ఆడనే ఉన్నయ్." గేటు పక్క కంత చూపించాడు. మూడు మీటర్ల వెడల్పు కంత. గోడల్లోని గాళ్లలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పలకలు. పై పలక అంచు నీళ్లకు బెత్తెడు ఎత్తున ఉంది. "తొమ్మిదేండ్లయె లేపక."

నవనీత భానుచందర్ వైపు తిరిగింది. "సార్, రెండు పలకలు తీస్తే పూలు పోతయ్. పోయినంక ఒకటి మల్ల దించుత. ఇంకోటి దినమంత తీసే ఉంచుత, ఎనుక వచ్చేటియి పోనీకి."

"ఆ నీళ్లు టర్బైనుకు రావు కదా."

"రావు. కాలువల ఐదు వందల క్యూసెక్కులున్నయ్. ఒక పలక తీస్తే పదిహేడు పోతయ్, ఇరవై కిలోవాట్లు తగ్గుతది. రెండు తీస్తే అరవై ఏడు పోతయ్. అప్పుడు ఐదు వందల పది వస్తది."

"అంటే రెండు పలకల మీద పది కిలోవాట్లు మిగులు."

"అవును సార్."

"నీ ఇష్టం," అన్నాడు. "నేను అంకె మాత్రమే రాస్తాను."

హరీష్ గాళ్లలో కిరోసిన్ పోశాడు. కొమురెల్లి సుత్తెతో అంచుల మీద కొట్టాడు. పలక కొక్కేలకు చైన్ కప్పీ తగిలించి ముగ్గురూ లాగారు. పై పలక ఏడు ముప్పై ఐదుకు కదిలింది, రెండోది ఎనిమిదింటికి వచ్చింది. నవనీత పక్క గేటును సగానికి దించింది. కాలువ మట్టం కొంత లేచి, నీళ్లు పలక అంచు మీద నుంచి కిందికి దూకడం మొదలుపెట్టాయి.

నలభై మీటర్ల పసుపు కదిలింది. మొదట అంచు కదిలింది, తర్వాత నడుమ. కొమురెల్లి వెదురుగడకు గుడ్డ చుట్టి ఊచల మధ్య మెల్లగా తడుముతూ ఉంటే అతుక్కున్నవి ఒక్కొక్కటిగా పైకి తేలాయి. "జరుగు తల్లీ, జరుగు. తొవ్వ గటు," అన్నాడు. పూలు కంత దాకా వచ్చి, అంచు దగ్గర ఒక క్షణం ఆగి, దిగిపోయాయి. ఎర్ర, ఆకుపచ్చ నూలు కట్ట ఎప్పుడు దిగిందో నవనీత చూడలేదు. చూడాలనుకుంది. ఆ వేళకు ఆమె గేటు దగ్గర ఉంది.

తొమ్మిది నలభైకి రెండో పలకను దించి మళ్లీ గాళ్లలో కూర్చోబెట్టి, పక్క గేటు పూర్తిగా మూశారు. తొమ్మిది యాభై రెండుకు యంత్రం గ్రిడ్‌కు కలిసింది. ప్యానెల్ మీద ఐదు వందల డెబ్బై.

ఎనిమిది గంటలు ఆపరేటరుకు చేసే పని తక్కువ, వినే పని ఎక్కువ. జాలి దాటిన నీళ్లు గొట్టంలోకి దిగి గైడ్ రెక్కల మధ్య నుంచి పోతాయి. ఆ రెక్కలు నీళ్లకు సుడి ఇచ్చి రన్నర్ అనే తిరిగే చక్రం మీదికి పంపుతాయి. రన్నర్‌కు నాలుగు రెక్కలు. సుడి తిరిగే నీళ్లు ఆ రెక్కలను నెట్టి, తమ తిరుగుడు వాటికిచ్చి, అవతలి వెడల్పు గొట్టంలోంచి నెమ్మదిగా బయటపడతాయి. రన్నర్‌తోపాటు ఇరుసు నిమిషానికి రెండు వందల చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్స్ దాన్ని ఏడు వందల యాభై చేస్తుంది. జనరేటర్‌కు కావలసింది ఆ ఏడు వందల యాభై. ఎక్కువైనా తక్కువైనా గ్రిడ్ కలుపుకోదు.

పర్శరాములు ఈ కేంద్రానికి ఒక్కసారే వచ్చాడు. గేర్‌బాక్స్ మూత తీసి ఉండగా వచ్చాడు. పెద్ద చక్రం చిన్నదాన్ని తిప్పడం చూసి, "ఇది మన రాట్నమే," అన్నాడు. "చెయ్యి మెల్లగ తిప్పుతది, కదురు ఉరుకుతది. ఈడ చెయ్యి నీళ్లది." తర్వాత గైడ్ రెక్కల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కండె చుట్టేటప్పుడు నూలును వేళ్ల సందున పట్టుకునేది కూడా ఇందుకేనని చెప్పాడు. పట్టు వదులైతే నూలు కుప్పపడుతుంది, బిగిస్తే తెగుతుంది.

నవనీత గైడ్ రెక్కలను తెరిచి మూసే లివరు మీద చెయ్యి ఉంచి కూర్చుంది. ముందురోజు రాత్రి ఆమె మూడు గంటలే పడుకుంది. యంత్రం శ్రుతి కిటికీ అద్దంలోకి, అక్కడి నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి ఆమె వెన్నులోకి వచ్చింది. ఆ శ్రుతి లోపల చప్పట్లు మళ్లీ వినిపించాయి. వంగి ఒకటి, లేచి ఒకటి. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతున్నారు, నడుమ పూలు కదలకుండా ఉన్నాయి. తర్వాత పూలు తిరుగుతున్నాయి, ఆడవాళ్లు రెక్కల్లా నిలబడి వాటిని లోపలికి పంపుతున్నారు. కొత్తవాడ ఇంట్లో రాట్నం తిరుగుతోంది. కండె మీద చుట్టుకుంటున్నది నూలు కాదు, నీళ్లు. తండ్రి వేళ్ల సందు నుంచి నీళ్లు సన్నగా, తెగకుండా వస్తున్నాయి.

కళ్లు తెరిచేసరికి ప్యానెల్ మీద ఐదు వందల అరవై తొమ్మిది. గడియారంలో పన్నెండు నలభై. చెయ్యి లివరు మీదే ఉంది.

ఒంటిగంటకు సరోజన పంపిన సద్ది విప్పారు. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులిహోర. నలుగురూ జాలి దగ్గర కూర్చుని తిన్నారు. భానుచందర్ నువ్వుల సద్ది రెండోసారి పెట్టించుకున్నాడు.

"హైదరాబాద్‌ల చెయ్యరా సార్?" అన్నాడు కొమురెల్లి.

"చేస్తారు. ఇంత నువ్వు వేయరు."

"యెయ్యరు. అందుకే మీ కాడ మనుషులు గిట్ల ఎండిపోతాన్రు."

భానుచందర్ నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

మూడు ఇరవైకి హరీష్ ఎగువన కాలువ వంపు వైపు చెయ్యి చూపించాడు. వంతెన కింద తుంగలో చిక్కుకున్న పూలు ఊడి వస్తున్నాయి. ఎండ వాటి మీద పడి, కాలువ సగం దాకా వెలుగు పరుచుకున్నట్టుంది. పది నిమిషాల్లో జాలిని చేరాయి. ఒక పలక కంత వాటికి చాలలేదు. సగం పూలు అంచు దాటాయి, సగం ఊచల మీదికి మళ్లాయి. ప్యానెల్ మీద ఐదు వందల యాభై, తర్వాత ఐదు వందల ముప్పై ఆరు.

"రెండో పలక తీస్తే ఐదు వందల పది అన్నావు," అన్నాడు భానుచందర్. "జాలికి అడ్డం లేనప్పుడు. ఇప్పుడు అడ్డం ఉంది."

"తీయకుంటే పొద్దుటి లెక్కనే అయితది."

"తీసి ఐదు వందల లోపలికి పోయినా నేను రాయాల్సిందే."

"రాయండి సార్," అంది నవనీత. "పెద్దబాపూ, హరీషన్నా, లేపుండ్రి."

వాళ్లు కప్పీ దగ్గరికి పోయారు. ఆమె లివరు దగ్గరికి పోయింది. మూడు నలభై రెండుకు పలక లేచింది. అంకె దిగింది. ఐదు వందల ఇరవై. ఐదు వందల పదకొండు. ఐదు వందల ఆరు. ఆమె గైడ్ రెక్కలను ఒక గీత మూసింది, నీళ్ల మట్టం జాలి వెనక కొంచెం నిలబడింది. బయట కొమురెల్లి గొంతు వినిపిస్తోంది. "పో తల్లీ, పో. మల్లచ్చే ఏడు రా." మూడు యాభై ఒకటికి ఐదు వందల మూడు. ఆమె వేళ్ల సందులో లివరు వణికింది. బిగించలేదు, వదలలేదు. ఐదు వందల మూడు మీద అంకె నాలుగు నిమిషాలు ఉంది. ఆ నాలుగు నిమిషాలు భానుచందర్ కలం పట్టుకుని నిలబడే ఉన్నాడు.

తర్వాత ఐదు వందల ఏడు. నాలుగింటికి ఐదు వందల పది. నాలుగు ఇరవైకి జాలి ముందు పూలు లేవు. నీళ్లు నీళ్లలా కనిపించాయి. పలక దించారు. ఐదు వందల అరవై ఎనిమిది.

ఐదు యాభై రెండుకు భానుచందర్ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు: ఎనిమిది గంటలు, ఆగలేదు, కనిష్ఠం ఐదు వందల మూడు కిలోవాట్లు, యంత్రం ఉంచవచ్చు. దాని కింద నవనీత సంతకం పెట్టింది. ఆయన ఒక నకలు ఆమెకిచ్చి, కాజీపేటలో రైలు అందుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆరింటికి పైనుంచి నీళ్లు కట్టేశారు. మట్టం తగ్గుతుంటే ఆమె యంత్రాన్ని నెమ్మదిగా ఆపింది. ఇరుసు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆరు పదకొండుకు కొమురెల్లి ఫోను మోగింది. పూలమ్మ పొలం నుంచి మాట్లాడింది. తూము నుంచి వచ్చిన తంగేడు పూలు పొద్దటి సంది తన మూడు మళ్లలో తేలుతున్నాయని, ఒక గునుగు కట్ట ఒడ్డుకు తగిలి ఆగిందని, దానికి ఎర్ర నూలు, ఆకుపచ్చ నూలు చుట్టి ఉందని చెప్పింది.